హెచ్‌ఎంటీ జనతా ధరల పుస్తకం: అడిగేది ఎంత, అమ్ముడయ్యేది ఎంత (ప్రాజెక్టు డైరీ)

పని ఇది: ఆగిపోయిన హెచ్‌ఎంటీ జనతా వాచీలు చవగ్గా కొని, బాగుచేసి, నడిచే వాచీలుగా అమ్మడం. కొనే ముందు ఒక లెక్క తేలాలి. నడిచే జనతాకి ఎంత వస్తుంది? ఆన్‌లైన్‌లో చూస్తే అదే మోడల్, అదే స్థితి, 900 రూపాయల నుంచి 85,000 దాకా ఉంది. ఆ 85,000 ఎందుకు పెడతారో తెలిస్తే తప్ప 900 నమ్మాలో వద్దో తెలియదు. అందుకని డైరీలో సగం వాచీలు, సగం ధరలు.

ఊరు ఒడిశాలోని బరంపురం. సరుకు దొరికేది ఇటు పర్లాకిమిడి, అటు ఇచ్ఛాపురం, కొంచెం గోపాల్‌పూర్ వైపు. మీరు కొరాపుట్ వైపు జైపూర్‌లో ఉన్నా, రాయగడలో ఉన్నా పద్ధతి ఇదే పనికొస్తుంది.

దశ 1: సగటు పనిచేయలేదు

స్థానిక యాప్‌లలోనూ ఈబేలోనూ కనిపించిన జనతా ప్రకటనలన్నీ ఎక్సెల్ షీట్‌లో దింపాను. 40 వరుసలయ్యాయి. సగటు తీస్తే సుమారు 6,500 వచ్చింది. ఆ ధరకి ఎవరూ అమ్మడం లేదు, ఎవరూ కొనడం లేదు.

వరుసలు విడదీస్తే కారణం దొరికింది. 37 ప్రకటనలు 900 నుంచి 3,500 మధ్య ఉన్నాయి, వాటి మొత్తం 70,300. మిగిలిన మూడు 45,000, 60,000, 85,000. ఆ మూడే 1,90,000. మొత్తం 2,60,300ని 40తో భాగిస్తే వచ్చేది ఆ ముగ్గురి కోరికే గాని బజారు ధర కాదు.

మార్పు: సగటు తీసేసి మధ్య ధర పెట్టాను. అంటే ధరలన్నీ చిన్నదాని నుంచి పెద్దదాకా పేర్చి నడిమిది తీసుకోవడం. 1,800 వచ్చింది. ఇది నయమే, కాని ఇది కూడా అడిగిన ధరల నడిమిదే. అడిగిన ధరలన్నీ గాల్లో ఉంటే నడిమిది కూడా గాల్లోనే ఉంటుంది.

ఇప్పటిదాకా: వరుసలు 40, ఖర్చు 0.

దశ 2: ప్రకటన అంటే వాచీ కాదు

ఇంకా వెతికి వరుసలు 112కి పెంచాను. అప్పుడొక సంగతి కంటబడింది. నీలం పూల దుప్పటి మీద పెట్టి తీసిన ఒకే ఫొటో మూడు చోట్ల, మూడు పేర్లతో, మూడు ధరలకి ఉంది. కటక్‌లో 2,200. ఇంకో యాప్‌లో 4,500. ఈబేలో 79 డాలర్లు, పోస్టేజీ అదనం.

ఉన్నది ఒక్క వాచీ. మిగతా ఇద్దరి చేతిలో సరుకు లేదు. ఎవరైనా ఆర్డరు ఇస్తే మొదటివాడి దగ్గర కొని పంపుదామన్నది వాళ్ల ఆలోచన. అందుకే వాళ్ల ధరలో మొదటివాడి ధర, ఫీజు, పోస్టేజీ, ఈలోగా అతను ఇంకొకరికి అమ్మేస్తే వచ్చే చిక్కు, అన్నీ కలిసి ఉంటాయి. చూసేవాడికి మాత్రం "ఈ వాచీ 79 డాలర్లు పలుకుతోంది" అనిపిస్తుంది.

ఏరివేతకి వాడిన పద్ధతి:

1. ప్రతి ఫొటోని గూగుల్ లెన్స్‌లో వేసి చూడాలి.
2. అదే ఫొటో ఇంకోచోట దొరికితే తక్కువ ధర వరుస ఉంచి మిగతావి "నీడ" అని గుర్తు పెట్టాలి. చెరిపేయొద్దు, తర్వాత పనికొస్తాయి.
3. వెనక మూత ఫొటో ఉంటే దాని మీది నంబరు విడిగా రాసుకోవాలి. ఈ ఒక్క గడి తర్వాత నా లెక్కంతా మార్చింది.
4. ప్రకటన మాయమైతే "మాయం" అని రాయాలి. "అమ్ముడైంది" అని రాయొద్దు. గడువు అయిపోయి పోయేవి, అమ్మేవాడు విసుగొచ్చి తీసేసేవి చాలా ఉంటాయి.

ఇప్పటిదాకా: వరుసలు 112, నీడలు తీస్తే 83. అడిగిన మధ్య ధర 2,100. ఖర్చు 0.

దశ 3: అమ్ముడైన ధర

ఇక్కడే చాలా సమయం పోయింది.

మన స్థానిక యాప్‌లలో అమ్ముడైన ధర ఎక్కడా కనిపించదు. అడిగిన ధరే కనిపిస్తుంది, బేరం చాట్‌లోనో ఫోన్‌లోనో ముగుస్తుంది. ఈబే ఇండియా సైటు 2018 ఆగస్టులో మూతపడింది గాని, మనవాళ్లు అంతర్జాతీయ ఈబేలో అమ్ముతూనే ఉన్నారు. అక్కడ "సోల్డ్ ఐటమ్స్" అన్న ఫిల్టర్ పెడితే గత 90 రోజుల్లో అమ్ముడైనవి వస్తాయి. అడిగిన ధరల పేజీ నుంచి ఈ పేజీకి మారగానే 45,000లూ 85,000లూ ఒక్కటీ లేవు.

అయినా ఇందులో రెండు గోతులున్నాయి.

మొదటిది, "బెస్ట్ ఆఫర్" కింద బేరమాడి కొన్నవి. వీటికి అడిగిన ధర మీద గీత కొట్టి చూపిస్తారు, నిజంగా ఎంతకి ఇచ్చాడో ఆ పేజీలో చెప్పరు. ఆ గీత కొట్టిన అంకెని షీట్‌లో ఎక్కించారా, లెక్క చెడుతుంది. అమ్మేవాళ్ల ఖాతా ఉంటే లోపల ప్రొడక్ట్ రీసెర్చ్ అనే పరికరం ఉంది, పాత పేరు టెరాపీక్. అందులో అసలు ఒప్పుకున్న ధర కనిపిస్తుంది, మూడేళ్ల వెనక్కి చూడొచ్చు. గీత కొట్టినవన్నీ అందులో వెతికి సరిచేశాను.

రెండోది వేలంపాట. ఈబే వేలంలో మీరు మీ గరిష్ఠ ధర చెప్పి ఊరుకుంటారు, మీ తరఫున సైటే మెట్టు మెట్టుగా పెంచుకుంటూ పోతుంది. చివరి ధర గెలిచినవాడి గరిష్ఠం కాదు, రెండో స్థానంలో ఉన్నవాడి గరిష్ఠం మీద ఒక మెట్టు. కాబట్టి ధర పెంచడానికి వందమంది అక్కర్లేదు. రెండోవాడు ఒక్కడు చాలు. ఆ రెండోవాడు అమ్మేవాడి బావమరిది కూడా కావచ్చు. నిబంధనలు దీన్ని నిషేధిస్తాయి, జరగడం మాత్రం జరుగుతుంది.

నా షీట్‌లో "పెట్టె విప్పని కొత్త స్టాకు" అన్న జనతా ఒకటి 312 డాలర్లకి అమ్ముడైనట్టు ఉంది. కొన్ని వారాలకి అదే అమ్మకందారు అదే మాటలతో ఇంకో జనతా పెట్టాడు. వెనక మూత నంబరు పోల్చాను. అదే వాచీ. అంటే గెలిచినవాడు డబ్బు కట్టలేదు, లేదా కట్టే ఉద్దేశంతో పాడలేదు. వాచీ తిరిగి వచ్చింది, "312కి అమ్ముడైంది" అన్న రికార్డు మాత్రం అక్కడే ఉండిపోయింది. దాన్ని చూసి ఇంకో పదిమంది ధర పెంచుకుంటారు. ఇలాంటివి రెండు దొరికాయి. రెండూ కొట్టేశాను.

అమ్ముడైన వరుసలు 21 ఉండేవి, 19 అయ్యాయి. మధ్య ధర 1,750 నుంచి 1,600కి దిగింది. విదేశీ అమ్మకాల్లో పోస్టేజీ, ఫీజు తీసేసి అమ్మినవాడి చేతికి వచ్చే సొమ్మే రాశాను. లేకపోతే పోలికే కుదరదు.

ఇప్పటిదాకా: అడిగిన వరుసలు 83 (మధ్య ధర 2,100), రుజువున్న అమ్మకాలు 19 (మధ్య ధర 1,600). ఖర్చు 0.

దశ 4: వాళ్లనే అడగడం

అమ్ముడైన మధ్య ధరకి మూడింతలు, అంటే 4,800 దాటిన ప్రకటనలు 14 ఉన్నాయి. "ఇంత ధర ఎందుకు పెట్టారండీ?" అని అడిగితే బ్లాక్ చేస్తారు. "మీ వాచీ చూడొచ్చా, ఎక్కడిది, ఎలా ధర కట్టారు?" అంటే చాలామంది చెబుతారు. ప్రతి వరుస పక్కన "కారణం" అన్న గడి చేర్చాను.

ఎక్కువసార్లు వచ్చిన జవాబు: "నెట్‌లో 60 వేలు ఉందండి, నాది దానికన్నా బాగుంది, 65 పెట్టాను." పర్లాకిమిడి ఆయన ఒకరు ఇదే చెప్పారు. వాచీ వాళ్ల నాన్నగారిది, పెళ్లిలో పెట్టింది. ఆయన చూసిన 60 వేల ప్రకటన నా షీట్‌లో ఉంది. మొదటి రోజు నుంచీ అది అలాగే ఉంది, అమ్ముడవలేదు. అమ్ముడైనవి వెంటనే కంటికి కనబడకుండా పోతాయి, అమ్ముడవనివే పేజీ నిండా మిగులుతాయి. కొత్తగా ధర కట్టేవాడికి ఆ అమ్ముడవనివే పాఠం. ఒకడి ఊహని ఇంకొకడు నకలు రాసుకుంటాడు, ఆ నకలుకి 5 వేలు కలిపి మూడోవాడు. షీట్‌లో దీని గుర్తు "నకలు". నాలుగు వచ్చాయి.

రెండో రకం "ఇష్టం లేదు". ఇంట్లోవాళ్లు అమ్మేయమంటారు, తనకి మనసొప్పదు. 25 వేలు పెట్టి "ఎవరూ కొనడం లేదు, నేనేం చెయ్యను" అంటాడు. గేట్ బజార్ దగ్గర నాకు వాచీలు బాగుచేసే మావయ్య కొట్టు అద్దాల బీరువాలో కూడా ఒక హెచ్‌ఎంటీ పైలట్ మోడల్ వాచీ ఉంది, చీటీ మీద 15,000. అడిగాను.

"అమ్మకానికేటి మావయ్యా అది?"

"కాదు బాబూ. మా నాన్నది. ధర రాయకపోతే ప్రతోడూ కెతే కెతే అని అడుగుతాడు. రాస్తే చూసి ఎలిపోతాడు." (కెతే అంటే ఒడియాలో ఎంత అని.)

దీన్ని సొంతదారు మమకారం అని కొట్టిపారేయక్కర్లేదు, కొలిచినవాళ్లున్నారు. 1990లో కానెమన్, నెచ్, థేలర్ అనే పరిశోధకులు కొందరు విద్యార్థులకి కాఫీ కప్పులు ఇచ్చి ఎంతకి అమ్ముతారో అడిగారు, కప్పు లేనివాళ్లని ఎంతకి కొంటారో అడిగారు. కొన్ని నిమిషాల ముందు చేతికొచ్చిన కప్పుకే, అమ్మేవాళ్లు అడిగింది కొనేవాళ్లు ఇస్తామన్నదానికి రెట్టింపు దాటింది. ఇక నాన్న చేతికున్న వాచీ సంగతి చెప్పేదేముంది.

మూడో రకం "బేరం". 9,000 రాసి 2,500కి ఇచ్చేవాళ్లు. వీళ్లు మొదటి ఫోన్‌లోనే సగం దిగుతారు. వీళ్లతో పేచీ లేదు, అడిగిన ధర గడి మాత్రం నమ్మకూడదు.

ఇంకో రకం వాచీల్లో తగలలేదు గాని మావయ్య కొట్టుకి రోజూ వస్తుంది. "ఈ వైష్ణోదేవి 5 రూపాయల బిళ్లకి లక్షలు ఇస్తారట, ఈ 786 నంబరు నోటుకి ఇంతిస్తారట, మీకు తెలిసినవాళ్లున్నారా?" అని. అక్కడ పెద్ద ధర ఎర. వస్తువు అమ్మడం, కొనడం ఏమీ లేదు. "మీ బిళ్లకి 5 లక్షలు, ముందు రిజిస్ట్రేషన్ చార్జీ, పన్ను పంపండి" అంటారు. రిజర్వు బ్యాంకు పేరు, గుర్తు కూడా వాడేస్తున్నారని 2021 ఆగస్టులో రిజర్వు బ్యాంకే ప్రకటన ఇచ్చింది: ఇలాంటి వ్యవహారాలతో తమకి సంబంధం లేదని, ఎవరి దగ్గరా చార్జీలు, కమీషన్లు అడగమని. మీ ఇంట్లో పెద్దవాళ్లు ఫోన్‌లో బిళ్లల ఫొటోలు తీస్తుంటే ఆ సంగతి చెప్పండి.

14లో లెక్క: నకలు 4, బేరం 3, ఇష్టం లేదు 2, జవాబు రానివి 5.

దశ 5: ధర రాయడానికి ఖర్చెంత

ఆ ఐదింటి కోసం ఫీజుల పేజీలు చదివాను. ఈబేలో నెలకి కొన్ని లిస్టింగుల దాకా పెట్టడం ఉచితం. అసలు కమీషన్ అమ్ముడైతేనే కోస్తారు. స్థిర ధర లిస్టింగు అమ్మేవాడు తీసేదాకా నెలనెలా దానంతటదే కొనసాగుతుంది. మన స్థానిక యాప్‌లలోనూ ఒకటి రెండు వస్తువులకి డబ్బు అడగరు. అంటే 85,000 అని రాసి ఏడాది ఉంచినా పోయేదేమీ లేదు, 1,600కి ఇచ్చేస్తే మాత్రం "ఇంకా వచ్చేదేమో" అన్న బాధ ఉంటుంది. ఆ తక్కెడలో ఎవరైనా పెద్ద అంకే రాస్తారు.

వేలంలో ఇంకో మెలిక. కనీస ధర రహస్యంగా పెట్టుకునే "రిజర్వు" సౌకర్యానికి విడిగా ఫీజు ఉంది. అది ఎగ్గొట్టడానికి మొదటి పాటనే పెద్దగా పెడతారు. దేవుడి మాన్యాల కౌలు వేలంలో సర్కారు పాట ఎక్కువ పెడితే ఎవరూ నోరు విప్పరు, వేలం వాయిదా పడుతుంది. ఇక్కడా అంతే. సున్నా బిడ్లతో ముగిసి, మళ్లీ అదే ధరతో మొదలవుతుంది. షీట్‌లో సున్నా బిడ్ల వేలాన్ని ధరగా లెక్కేయకూడదు.

సరుకు అయిపోయినప్పుడు ప్రకటన తీసేయకుండా, దాని రివ్యూలూ వెతుకులాటలో దాని చోటూ పోకుండా, ఎవరూ కొనలేని ధర పెట్టి ఆపి ఉంచేవాళ్లు కూడా ఉన్నారు. కొత్త సరుకు రాగానే ధర మామూలుకి వస్తుంది. వాచీ బెల్టుల్లో ఇది చూశాను. 240 రూపాయల 18 మి.మీ. తోలు బెల్టు కొన్నాళ్లు 9,999 ఉండి మళ్లీ 240 అయింది.

దశ 6: మనిషి లేని ధర

మనిషి ఆలోచించకుండానే ధర ఎలా ఎగబాకుతుందో షీట్‌లో చేసి చూశాను. అంకెలు నావి కావు. 2011 ఏప్రిల్‌లో అమెరికాలో మైకేల్ ఐసెన్ అనే జీవశాస్త్రవేత్త గమనించినవి. ఈగల పెరుగుదల మీద ఉన్న ఒక పాఠ్యగ్రంథం కొత్త ప్రతులు అమెజాన్‌లో ఇద్దరి దగ్గరే ఉన్నాయి. ఒకరి ప్రోగ్రాము ధరని ఎప్పుడూ రెండోవారి ధరలో 0.9983 వంతు పెడుతుంది, ఒక్క పిసరు చవగ్గా కనపడడానికి. రెండోవారిది మొదటివారి ధరకి 1.270589 రెట్లు పెడుతుంది.

మీరే చేసి చూడొచ్చు:

1. A1 గడిలో 100 రాయండి.
2. B1లో =A1*1.270589.
3. A2లో =B1*0.9983.
4. రెండూ కిందికి లాగండి.

ఒక్కో విడతకి ధర సుమారు 26.8 శాతం పెరుగుతుంది. 100 డాలర్ల దగ్గర మొదలుపెడితే 52వ విడత చుట్టుపక్కల 2.3 కోట్ల డాలర్లు దాటుతుంది. నిజంగా ఆ పుస్తకం 2,36,98,655.93 డాలర్ల దాకా వెళ్లింది, ఎవరో చూసి సరిచేసేదాకా.

రెండోవారు ఎందుకు ఎక్కువ పెట్టారన్నదానికి ఐసెన్ ఊహ: వాళ్ల దగ్గర పుస్తకమే లేదు, ఆర్డరు వస్తే మొదటివారి దగ్గర కొని పంపాలనుకున్నారు. నా షీట్‌లో నీలం దుప్పటి వాచీ గుర్తొచ్చింది. అక్కడ ప్రోగ్రాము, ఇక్కడ చేత్తో రాసిన అంకె, పద్ధతి ఒక్కటే. జవాబు రాని ఐదింటిలో రెండు "నీడ" ఫొటోలవాళ్లవే అని ఇప్పుడు సరిపోయింది. మిగతా మూడు ఖాళీగానే ఉంచాను.

దశ 7: కొనడం, కొలవడం

నియమం పెట్టుకున్నాను. నడవని జనతాకి, అమ్ముడైన మధ్య ధరలో మూడో వంతు లోపే. 1,600లో మూడో వంతు అంటే 530.

పనిముట్లు: ఐగ్లాసు (కంటికి పెట్టుకునే భూతద్దం) 180, కేసు ఓపెనర్ 220, ట్వీజర్ల సెట్టు 150, ప్లాస్టిక్ డిజిటల్ కాలిపర్ (వెడల్పు కొలిచేది) 350.
ఇప్పటిదాకా ఖర్చు: 900.

ఇచ్ఛాపురంలో రెండు నడవని జనతాలు కలిపి 900కి వచ్చాయి (మొత్తం 1,800). గోపాల్‌పూర్ వైపు నుంచి ఒకటి 530 (మొత్తం 2,330). ఈ మూడోది తెరవగానే తెలిసింది, సముద్రపు గాలికి వెనక మూత లోపల తుప్పు, డయల్ నిండా మచ్చలు. దీన్ని విడిభాగాలకే ఉంచాను.

కొనే ముందు డయల్ చూడడం నేర్చుకోవాలి. బజారులో ఉన్నవాటిలో చాలావరకు తిరిగి ముద్రించిన డయళ్లు. సేకరించేవాళ్లు వీటిని "ముంబై స్పెషల్" అంటారు. ఐగ్లాసులో నిమిషాల గీతలు అంచుకి సమానంగా ఉన్నాయా, అక్షరాల అంచు మొద్దుబారిందా, నలభై ఏళ్ల వాచీలో రేడియం చుక్కలు మాత్రం నిన్న పెట్టినట్టు తెల్లగా ఉన్నాయా చూడండి. పాలిష్ ఎక్కువై కేసు మూలలు గుండ్రంగా అయ్యాయా అన్నది కూడా. 85,000 అడిగిన వాచీ ఫొటో పెద్దది చేసి చూస్తే 12 దగ్గర గీత వంకర. కొత్తగా ముద్రించిందే.

"ఇక దొరకవు" అన్న మాట ప్రతి ప్రకటనలోనూ ఉంటుంది. జపాన్ సిటిజన్ కంపెనీ సహకారంతో 1961లో బెంగళూరులో వాచీల తయారీ మొదలైంది, 2016 జనవరిలో హెచ్‌ఎంటీ వాచెస్ మూసివేతకి కేంద్రం ఆమోదం చెప్పింది. అది నిజం. కాని దశాబ్దాల పాటు లక్షల్లో తయారైన జనతా ఇప్పటికీ చాలా ఇళ్ల బీరువాల్లో ఉంది. ఫ్యాక్టరీ మూతపడడం వేరు, వాచీ అరుదవడం వేరు.

మొదటి వాచీ (వాచీ-ఎ) కొలతలు. కేసు వెడల్పు కీ కాకుండా 35 మి.మీ., బెల్టు సందు 18 మి.మీ. ఇది 17 జ్యూయెల్స్ (అరుగుదల తగ్గించే చిన్న రాళ్లు), చేత్తో కీ ఇచ్చే మెషీను, గంటకి 18,000 బీట్లు (టిక్కులు), అంటే సెకనుకి 5.

1. పెట్రోలుతో కడిగి, నూనె వేసి, మావయ్య బిగించాడు. నడిచింది.
2. ఫోన్‌లో టైమ్‌గ్రాఫర్ యాప్ (టిక్కు చప్పుడు విని వాచీ ఎంత ముందుకో వెనక్కో చెప్పేది) పెట్టి కొలిస్తే అంకె నిలవలేదు. ఫ్యాను చప్పుడు. ఫ్యాను ఆపి, ఇయర్‌ఫోన్ మైకుని వెనక మూతకి టేపుతో అంటించాక గీత కుదిరింది.
3. రోజుకి 140 సెకన్లు ముందుకి. నూనె సరిగానే ఉంది, కాబట్టి అయస్కాంతం పట్టిందేమో అని పిల్లల దిక్సూచి పక్కన పెట్టాం. ముల్లు ఊగింది.
4. మావయ్య దగ్గరున్న చుట్ట మీద డీమాగ్నెటైజ్ చేశాక 25 సెకన్లు.
5. వేగం సరిచేసే రెగ్యులేటర్ మీట జరిపాక, డయల్ పైకి ఉంచితే +12, కీ కిందికి ఉంచితే −8. అక్కడ ఆపేశాం. ఈ మెషీనుకి అది చాలు.

వాచీ-బి నడిచింది గాని లోపలి చక్రం ఊపు తక్కువ, ఆ ఊపు కొలత (ఆంప్లిట్యూడ్) 180 డిగ్రీలు. మెయిన్ స్ప్రింగ్ అలిసిపోయింది. తుప్పు వాచీలో స్ప్రింగ్ బాగుంది, అది వేస్తే 225కి వచ్చింది.

సర్వీసు రెండింటికీ 700, గ్లాసులూ బెల్టులూ 350.
ఇప్పటిదాకా ఖర్చు: 3,380.

దశ 8: రెండు ధరలతో పరీక్ష

వాచీ-ఎ 1,750కి పెట్టాను. వచ్చిన బేరాలు 800, 1,000, "పాత ఫోన్ ఇస్తా, మార్చుకుందామా". తర్వాత అదే ఖాతాలో వాచీ-బిని 12,000కి పెట్టాను, పక్కపక్కనే కనిపించేలా. ఎ మీద బేరాలు 1,400కి, 1,500కి పెరిగాయి. 1,650కి ఒక బ్యాంకు ఉద్యోగి కొన్నాడు. బి మీద ఒక్కరూ మాట్లాడలేదు. తర్వాత ఒకరు "ఆ పెద్ద ధరది ఒరిజినలా?" అని మాత్రం అడిగారు.

దీన్ని రుజువు అనను. బి పెట్టింది నెల మొదటివారం, జీతాలు పడ్డ రోజులు. కాని దీని వెనక పాత పరిశోధన ఒకటుంది. 1974లో ట్వెర్‌స్కీ, కానెమన్ ఒక అంకెల చక్రం తిప్పించారు. అది 10 దగ్గరో 65 దగ్గరో మాత్రమే ఆగేలా ముందే అమర్చి ఉంది. తర్వాత ఐక్యరాజ్యసమితిలో ఆఫ్రికా దేశాల శాతం ఎంతో ఊహించమన్నారు. 10 చూసినవాళ్ల మధ్య జవాబు 25, 65 చూసినవాళ్లది 45. సంబంధం లేని అంకె కూడా మనసులో మేకు కొడుతుంది. అందుకే వరసగా వాచీలు అమ్మే కొందరు వ్యాపారులు అమ్ముడవని ఖరీదైనదాన్ని ఒకదాన్ని ఎప్పుడూ పైన ఉంచుతారు. దాని పని అమ్ముడవడం కాదు, పక్కవాటిని చవగ్గా చూపించడం. షీట్‌లో ఖాళీగా ఉన్న మూడింటిలో ఒకటి ఇలాంటి ఖాతాదే. అందులో మిగతావన్నీ 1,500 నుంచి 2,500 మధ్య, ఒక్కటే 45,000. గుర్తు "మేకు" అని పెట్టాను.

ఒకే ఒక వాచీ ఉన్నవాడికి ఇది పనికిరాదు. మేకు కొట్టి తగిలించడానికి రెండో వాచీ ఉండాలి కదా. బి ఒక్కటే మిగిలాక 12,000 ప్రకటన రోజురోజుకీ కిందికి జారింది, చూసినవాళ్ల సంఖ్య తగ్గిపోయింది. తీసేసి కొత్తగా 2,000కి పెట్టాను, బేరం 1,500 వరకు ఒప్పుకుందామని నిశ్చయించుకుని. 1,300 అన్నవాడికి 1,700 అని జవాబిచ్చాను, ఇంకా తేలలేదు.

ఖర్చు 3,380, వచ్చింది 1,650. ఇంకా రావలసింది 1,730, బి అమ్ముడైతే దాదాపు సరి. పనిముట్లు మిగులుతాయి.

ప్రస్తుత స్థితి

4,800 దాటిన 14 ప్రకటనలు: నకలు 4, బేరం 3, ఇష్టం లేదు 2, నీడ 2, మేకు 1, తెలియనివి 2. వీటిలో ఇప్పటిదాకా ఒక్కటీ రాసిన ధరకి పోలేదు. బేరం రకంలో ఒకటి 2,300కి పోయిందని అమ్మినాయనే చెప్పారు.

తర్వాతి పని కాంచన్ మోడల్. అడిగిన ధరల వరుసలు 26 అయ్యాయి, రుజువున్న అమ్మకాలు మూడే. బంగారు రంగు కేసు, పెళ్లికొడుకు వాచీ అన్న పేరు ఉండడంతో ఇందులో "ఇష్టం లేదు" రకం ఎక్కువగా తగులుతోంది. అమ్మకాలు పది దాటేదాకా ఒక్కటీ కొనను.